ఇరవై ఒక్క మెట్ల గిటారు

మూసాపేట,
20-2-1949

చిరంజీవి మొగిలికి బావ లింగమూర్తి దీవించి రాసేది. రంపం పట్టే చేత్తో కలం పట్టాను కాబట్టి అక్షరాలు పొట్టు రాలినట్టు ఉంటాయి, సర్దుకొని చదువుకో. నేను, మీ అక్క, మేక, దాని ఇద్దరు పిల్లలు బాగున్నాం. మేక ఒక్కటే నా మాట వింటున్నది.

నీ ఉత్తరం, నాలుగు కాగితాలు అంటించి అసలు కొలతకు గీసి పంపిన బొమ్మ, రెండూ అందాయి. ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు, రెండోసారి అర్థమై భయమేసింది. నాకు తెలిసిన సంగతి ఇది, తప్పుంటే చెప్పు. బొంబాయిలో ఆ నాటకశాల వాద్యాల మాస్టరు దగ్గర ఒక కుర్చీ ఖాళీ ఉంది. కరెంటు గిటారు వాయించేవాడు కావాలి. దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకొని, ఎడమ చేత్తో ఇనుప కడ్డీని తీగల మీద జరుపుతూ కుడి చేత్తో మీటాలి. కడ్డీ పట్టడానికి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు ఉంటే చాలు, మిగతా రెండు వేళ్ళతో పని లేదు.

ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగిపోయాను. ఏమైందని మీ అక్క అడిగితే కళ్ళజోడు తుడుచుకుంటున్నానన్నాను. నాకు కళ్ళజోడు లేదన్న సంగతి ఆమెకూ తెలుసు.

మాస్టరు జూన్‌లో నీ వాయింపు వింటాడు, గిటారు మాత్రం నీదే తెచ్చుకోవాలన్నాడు. కొనడం మన రెండు వంశాల్లో ఎవరి వల్లా కాదు. అందుకని చెక్క పని నన్ను చేయమంటున్నావు, కరెంటు పని నువ్వు చేసుకుంటానంటున్నావు. ఆ కుర్చీ దొరకకపోతే బతుకంతా రేడియో షాపులోనే అని రాశావు.

చేస్తాను. నలభై రెండేళ్ళొచ్చాయి. నాగళ్ళు చేశాను, బండి చక్రాలు చేశాను, తలుపులు, మంచాలు, మిద్దెలకు మెట్లు చేశాను. వాద్యం మాత్రం ఒకటే చేశాను, మన భజన వాళ్ళకు చిడతలు. వాటి మోత భరించలేక పొయ్యిలో పెట్టారని తర్వాత తెలిసింది. అంత అనుభవం ఉన్నవాడికి నువ్వు పని అప్పజెప్పావు.

మీ అక్కకు చెప్తే చేటలో బియ్యం ఆపి నన్ను కిందికీ మీదికీ చూసింది. "ఏందీ, కరెంటు గిటారా? మన ఊర్ల కరెంటే లేకపాయె. ఇగ రేపు నీళ్ళు లేని బాయికి పడవ గూడ చెయ్యి" అంది. అందులో అబద్ధమేముంది? కార్ఖానాల దాకా వచ్చిన కరెంటు స్తంభాలు మన పొలిమేర దగ్గర ఆగిపోయాయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మన యవ్వారం.

రెండు సందేహాలు తీర్చు. లోపల బోలుగా తొలవాలా? వీణకైనా తంబురకైనా కడుపుంటుంది, నీ బొమ్మలో కడుపు కనిపించలేదు. రెండోది, కరెంటు తీగల్లోకి వస్తుందా? ఒళ్ళో పెట్టుకునే వస్తువు కాబట్టి అడుగుతున్నాను.

తలకు నూనె పెట్టుకుంటున్నావో లేదో అడగమన్నది మీ అక్క. అడిగాను.

చిడతల మేస్త్రీ,
మీ బావ లింగమూర్తి


కామాటిపుర, బొంబాయి,
6-3-1949

బావకు మొగిలి దండాలు. అక్కకు రెండింతలు. మేకకు కూడా పెట్టేవాణ్ణి, కానీ అది నీ ఒక్కడి మాటే వింటుందంటున్నావు.

నూనె పెట్టుకుంటున్నాను. రేడియో షాపులో మెకానిక్‌నని రెండేళ్ళుగా మీకు రాస్తున్నాను కదా, ఇప్పుడు నిజం చెప్తున్నా. రేడియోల మీద దుమ్ము దులిపే మెకానిక్‌ని. ఈమధ్యనే దయతలచి తీగ చుట్టే పని ఇచ్చారు. ఆ పని వచ్చింది కాబట్టే ఈ ధైర్యం.

గిటారుకు కడుపు వద్దు బావా, గట్టి చెక్క కావాలి. దీనికి కడుపు బదులు చెవి ఉంటుంది. అయస్కాంతం చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగితీగను వేల చుట్లు చుడితే అదే చెవి. తీగల కింద దాన్ని బిగిస్తే, పైన తీగ కదలగానే విని మైకు పెట్టెకు చెప్తుంది. ఇప్పటికి మూడుసార్లు చుట్టాను, మూడుసార్లూ తెగింది. మా సేటు చూసి "ఇది రేడియో షాపా, నూలు మిల్లా?" అన్నాడు. షాకు మాత్రం కొట్టదు. నువ్వు భయపడకు, అక్కను భయపెట్టకు.

తీగల పొడవు ఇరవై మూడు అంగుళాలు. తీగల కింద చెక్క మీద ఇరవై మెట్లు. ఎత్తుగా వద్దు, చెక్కలో పొదిగిన తెల్లటి గీతలైతే చాలు. బొమ్మలో ఎట్లా ఉన్నాయో అట్లా పెట్టు. ఎవరో బాగుచేయమని ఇచ్చిపోయిన గిటారు మీద దొంగచాటుగా నేర్చుకుంటున్నాను. నా విద్య అంతా ఆ గీతల మీదే ఉంది. అసలైన వాద్యగాడు చెవిని నమ్ముకుంటాడు, నేను కన్నును నమ్ముకున్నాను. గీత కనిపిస్తే కడ్డీ సరిగ్గా పెడతాను. కనిపించకపోతే నా వాయింపు నీ చిడతలకు చుట్టమవుతుంది.

దుమ్ము మెకానిక్,
మొగిలి


మూసాపేట,
2-4-1949

చి. మొగిలికి బావ ఆశీస్సులు. ఎండలు ముదిరాయి. నాకు పిచ్చి ముదిరిందని ఊరంతా అనుకుంటున్నారు. రెండూ నిజమే.

బాచుపల్లిలో పాత మిద్దె పడగొడితే వచ్చిన టేకు దూలం ముక్క సంపాదించాను. ఎప్పటి చెక్కో, ఎండి ఇనుములా ఉంది. దాన్ని కోసి, ఉలితో తీర్చి, చిత్రిక పట్టి నీ బొమ్మ మీద పడుకోబెడితే గీతకు గీత కలిసింది. మన కొట్టంలోకి తొంగిచూసిన ప్రతివాడికీ అదొక పొడుపుకథ అయింది. పక్కింటి వీరేశం వచ్చి "పెండ్లిపీటనా?" అన్నాడు. పోచమ్మవ్వ తడిమి చూసి "రొట్టెల పీట ఇంత పొడుగెందుకు బిడ్డా, ఎవలకు పెడ్తున్నవ్?" అంది. కరెంటు గిటారన్నాను. అవ్వ చెయ్యి తీసేసి చీర కొంగుకు తుడుచుకుంది.

షాకు కొట్టదని రాశావు, నమ్మాను. అయినా పాత సైకిలు ట్యూబు కోసి అడుగున అతికించాను. నమ్మకం వేరు, జాగ్రత్త వేరు.

'మెట్లు' అన్నావు చూడు, అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పటిదాకా నాకు తెలియని విద్య అని బిక్కుబిక్కుమంటున్నాను. మెట్ల సంగతి నాకు ఒకరు చెప్పాలా? మియాపూర్ నుంచి ఇటు ఐదూళ్ళ మిద్దెలకు చెక్క మెట్లు పెట్టినవాణ్ణి. ఒక్క ముసలిది జారిపడలేదు. అయితే నీ బొమ్మలో ఆ మెట్ల దగ్గరే పెద్ద తప్పుంది. కాగితం చాలక జరిగిందని చూడగానే అర్థమైంది. సరిదిద్దాను. అదేమిటో విప్పి రాసి నిన్ను చిన్నబుచ్చను, బావనన్నాక ఆ మాత్రం కడుపులో పెట్టుకోవాలి. పనిలో పనిగా ఇంకో మెట్టు కలిపి ఇరవై ఒకటి చేశాను. మెట్లు బేసి ఉండాలి. సరి మెట్లెక్కి లక్ష్మి ఇంట్లోకి రాదని మా నాయన చెప్పేవాడు.

ఇక నీ చెవి పంపితే బిగిస్తాను.

మీ బావ


బొంబాయి,
18-4-1949

బావకు దండాలు.

చెవి పంపుతున్నాను. ఐదోసారి నిలబడింది. దూదిలో చుట్టాను, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకో. తీగలు ఆరు, వాటిని బిగించే మరలు, పొదగడానికి తెల్లటి పట్టీ కూడా పెట్టాను.

బొమ్మలో తప్పు సంగతి నాకూ తెలుసు. పద్నాలుగో గీత వంకరపోయింది కదా? గీస్తుంటే ఎవరో తలుపు కొట్టారు, చెయ్యి కదిలింది. మళ్ళీ గీయడానికి బద్ధకించి, బావ చూడడులే అనుకున్నాను. నీ కన్ను ఎక్కడికి పోతుంది! దిద్దినందుకు సంతోషం. చివర్లో ఒక మెట్టు ఎక్కువైతే నాకేం నష్టం లేదు, లక్ష్మిని రానియ్యి.

ఇక్కడ నా పరిస్థితి వింటే అక్క కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతుంది. ఆ గిటారు దాని యజమాని తీసుకుపోయాడు. ఇప్పుడు ఒక పలక మీద సుద్దతో గీతలు గీసుకొని, ఒళ్ళో పెట్టుకొని, చెంచా జరుపుతూ నోటితో కూనిరాగం తీస్తున్నాను. ఎదురు గదిలో సీతాబాయి అనే పెద్దావిడ ఉంది. నిన్న నా గుమ్మం ముందు నిమ్మకాయ కోసి పెట్టి పోయింది.

జూన్ ఎనిమిదిన పదకొండు గంటలకు రమ్మన్నాడు మాస్టరు. మే నెలాఖరుకు పార్సిలు అందేట్టు చూడు.

మొగిలి


మూసాపేట,
26-5-1949

చి. మొగిలికి,

మీ బావ ఇవాళ ఒక పెండ్లి చెడగొట్టబోయి, అంతలో దేవుడు చల్లగా చూడబట్టి బతికి బట్టకట్టి రాస్తున్న ఉత్తరం ఇది.

గిటారు తయారైంది. కానీ మోగుతుందో లేదో చూసేదెట్లా? కూకట్‌పల్లి బాలనర్సయ్య దగ్గర బ్యాటరీ మీద నడిచే మైకు సెట్టుంది. పోయినేటి గడబిడలు సద్దుమణిగి, ఆగిన పెండ్లిళ్ళన్నీ ఈ ఎండాకాలం మీద పడ్డాయి, అతను దొరకడమే గగనం. నెల రోజులు వెంటపడితే, బాచుపల్లి పెండ్లికి రా, భోజనాలైనంక పెట్టి చూద్దామన్నాడు. బండి మీద గోనెలో చుట్టి తీసుకుపోయాను. మైకు తీగలన్నీ తనే తగిలించి, "ముట్టకు, బువ్వ తిని వస్తా" అని పోయాడు.

ముట్టకు అన్నాక ముట్టకుండా ఉండేవాణ్ణయితే నేనెందుకు ఇట్లా తగలడతాను? అట్లా బొటనవేలితో లావు తీగను ఒక్కసారి, ఒక్కసారే, కదిపాను.

అవతల వేపచెట్టుకు కట్టిన మైకులోంచి ఒక మూలుగు బయలుదేరింది. పీటల మీద పంతులు మంత్రం మింగేశాడు. బ్యాండువాళ్ళు ఆగారు. మా బండి ఎద్దులు పలుపు తెంపుకొని ఎటు పోయాయో సాయంత్రం దాకా దొరకలేదు. వంటల దగ్గర ఎవరో ముసలమ్మ "వామ్మో, ఏ దున్నపోతును కొడ్తున్నర్రా?" అని కేకేసింది. బాలనర్సయ్య ఎంగిలి చేత్తో ఉరికొచ్చి "ఏం జేస్తివయ్యా లింగమూర్తీ, నా బ్యాటరీ పాయె!" అని నెత్తి కొట్టుకున్నాడు. నెత్తికి అంటిన మజ్జిగ నేనే తుడిచాను.

చెప్పడానికి సిగ్గేస్తుంది కానీ, ఆ మూలుగు ఆగేదాకా కదలకుండా నిలబడి ఏడ్చాను. చెక్కకు గొంతు వచ్చింది మొగిలీ. తర్వాత అతనే కూర్చొని ఆరు తీగలూ మీటించాడు, ఆరూ పలికాయి. వాయించడం మా ఇద్దరికీ రాదు కాబట్టి పరీక్ష అంతటితో అయిపోయింది.

రేపు బేగంపేట స్టేషన్‌లో పార్సిలు వేస్తాను. ఇప్పుడు చెప్తున్నా, నీ తప్పు ఏమిటో. నువ్వు మొదటి మెట్టు ఇంత వెడల్పు గీసి, పోనుపోను ఇరుకు చేస్తూ పోయావు. చోటు చాలదని నీకు మొదట్లో తోచలేదు, పాపం. నేను లెక్కకట్టి ముప్పావు అంగుళానికొకటి చొప్పున ఇరవై ఒక్కటీ సమానంగా పొదిగాను. గింజెత్తు తేడా ఉంటే నా చెవి కోయించుకుంటాను.

అదే పనిగా మురిసిపోతున్న,
మీ బావ


బొంబాయి,
12-6-1949

బావా,

దండాలు ఈసారి పెట్టలేను.

పార్సిలు ఎక్కడ ఆగిందో, ఎనిమిదో తారీఖు పొద్దున పదింటికి చేతికందింది. వానలో గోనె నెత్తిన పెట్టుకొని ఉరికాను. నాటకశాలలో మాస్టరు ముందే విప్పాను. చెక్కను చూసి అందరూ బాగుందన్నారు. ఒకాయన మీటి చూసి కళ్ళు పెద్దవి చేశాడు. నేను కూర్చొని ఒళ్ళో పెట్టుకున్నాక గీతలు చూశాను. నిచ్చెన. అచ్చంగా నిచ్చెన. ఏదో తేడా ఉందనిపించింది కానీ, మా బావ కొలత తప్పదు, నా కన్నే తప్పు అనుకున్నాను.

ఐదో గీత మీద కడ్డీ పెట్టాను. పాట ఒక దారి, నేనొక దారి. ఏడో గీత మీద పెట్టాను, పాట ఇల్లు విడిచి పారిపోయింది. భయంతో గీతలను ఇంకా గట్టిగా పట్టుకున్నాను, ఇంకా దూరం పోయాను. ఫిడేలు ఆయన నవ్వాపుకోలేక రుమాలు నోట్లో పెట్టుకున్నాడు. మాస్టరు నవ్వలేదు. చెయ్యెత్తి చాలన్నాడు. నవ్వినా బాగుండేది.

నీ ఉత్తరం కూడా ఎక్కడో ఆగి మర్నాడు అందింది. నువ్వు దిద్దింది నా తప్పు కాదు బావా. తీగ పొట్టి అయ్యేకొద్దీ మెట్లు దగ్గర పడాలి, ఈ వాద్యం పుట్టుకే అంత. ఇన్ని మాటలు రాసే మనిషివి, ఏం దిద్దావో ఆ ఒక్క మాట ఏప్రిల్‌లోనే రాస్తే ఏం పోయేది? పద్నాలుగో గీత అనుకొని సంతోషించిన నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి.

మూడేళ్ళ కింద నీ కొట్టంలో రెండు వేళ్ళు పోయాయి. ఫిడేలు పోయింది, వడ్రంగి పని పోయింది. అప్పుడు నిన్ను ఒక్క మాట అనలేదు. మిగిలిన మూడు వేళ్ళతో బతుకుదామనుకుంటే వాటికీ పని లేకుండా చేశావు. దయచేసి నా బతుకులో ఇక ఏదీ దిద్దకు.

మొగిలి


మూసాపేట,
9-7-1949

మొగిలికి,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఏదో నవ్వులాట మాట తోచేది, చింపేసేవాణ్ణి. ఇప్పుడు నవ్వులాట లేకుండా రాస్తున్నాను. నువ్వన్నదంతా నిజం. బాడిశ నా చేతిలో ఉంది, వేళ్ళు నీవి. ఆ దెబ్బ వేయకుండా ఉంటే అని అనుకోని రోజు లేదు. ఈ గిటారుతో అది కొంచెం తీరుతుందనుకున్నాను. తీరకపోగా ఇంకొకటి చేశాను.

ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించక తప్పలేదు. ఆమె తిట్టలేదు. "తీగ పొట్టిగైతె మెట్లు దగ్గర పడ్తయంటున్నడు గదా. నిజమో అబద్ధమో నువ్వు ఎన్నడన్న చూసినవా?" అంది. చూడలేదు. నలభై రెండేళ్ళ మనిషిని, చూడకుండానే దిద్దాను.

పనిబల్ల మీద ఇరవై మూడు అంగుళాల తీగ బిగించాను. నాకు శ్రుతి లేదు, మీ అక్కకు ఉంది. మధ్యాహ్నం పూట ఆమె బల్ల పక్కన కూర్చొని బతుకమ్మ పాట ఒక్కో మెట్టు ఎత్తి పాడుతుంటే, నేను కత్తి మొనను తీగ కింద జరుపుతూ మీటాను. గొంతూ తీగా కలవగానే "ఆఁ, గక్కడ! జరగకు" అనేది. అక్కడ గీత పెట్టాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఆమె పాడినవన్నీ పెట్టాక నీ బొమ్మ తెచ్చి పక్కన పరిచాను. ప్రతి గీతా నీ గీత మీదే పడింది. నువ్వు చోటు చాలక ఇరుకు చేశావనుకున్న చోటే ఆమె గొంతూ ఇరుకైంది. కాగితం చాలకపోవడం కాదు, నా బుర్రే చాలలేదు.

పల్చటి టేకు పట్టీ మీద నీ బొమ్మలో ఉన్నట్టే ఇరవై గీతలు పొదిగి పంపుతున్నాను. నా మెట్ల మీద అతికించు. పద్నాలుగోది వంకరగా ఉంటే వంకరగానే పెట్టాను. ఇక ఏదీ దిద్దనని ఒట్టు.

ఇంకొక్క సంగతి. కింద రాసింది మాస్టరుకు. ఆయనకు తెలుగు రాదు కాబట్టి నువ్వే చదివి అర్థం చెప్పు. నీకు కోపమొచ్చినా సరే, చదువు.

"మాస్టరు గారికి మూసాపేట వడ్ల లింగమూర్తి నమస్కారం. ఆ రోజు మీ ముందు తప్పు వాయించింది మా బామ్మర్ది కాదు, నేను. మెట్లంటే ఇంటి మెట్లనుకున్నాను. ఇంటి మెట్లు ఎక్కువ తక్కువ ఉంటే ముసలివాళ్ళు పడతారు. గిటారు మెట్లు సమానంగా ఉంటే కుర్రవాళ్ళు పడతారని నాకు తెలియదు. వాడి ఎడమ చేతి వేళ్ళు పోవడానికి కారణం కూడా నేనే, నా బాడిశే. ఒకే మనిషి చేతిలో ఒకడు రెండుసార్లు నష్టపోవడం న్యాయం కాదు. వాణ్ణి ఇంకొక్కసారి వినండి. అప్పుడూ బాగాలేకపోతే అది వాడి తప్పే, నేను అడ్డం రాను."

లింగమూర్తి


బొంబాయి,
6-8-1949

బావకు మొగిలి దండాలు, పోయినసారివి కూడా కలిపి.

కుర్చీ దొరికింది. అక్కకు ముందు ఈ మాట చెప్పి, తర్వాతది చదువు. తర్వాతది నీ ఒక్కడికే చెప్పాలనుకున్నాను, కానీ మన ఇంట్లో ఒక్కడికే అనేది ఉండదని తెలుసు.

పట్టీ అతికించుకొని నాటకశాలకు పోయాను. మాస్టరు మొదట వద్దన్నాడు. మా బావ ఉత్తరం రాశాడన్నాను. "ఏం రాశాడు? చదువు" అన్నాడు. వాద్యాలవాళ్ళు తొమ్మిదిమంది ముందు నిలబడి ఒక్కో వాక్యం హిందుస్తానీలో చెప్పాను. ముసలివాళ్ళు పడతారు, కుర్రవాళ్ళు పడతారు అన్న చోట అందరూ నవ్వారు, ఫిడేలు ఆయన కూడా. తర్వాత "కారణం కూడా నేనే, నా బాడిశే" అన్న వాక్యం వచ్చింది. చదివాను కానీ అర్థం చెప్పలేకపోయాను. "ఆగే?" అన్నాడు మాస్టరు, తర్వాతేమిటని. ఇంకోసారి "ఆగే?" అన్నాడు. అది నిజం కాదని చెప్పాను. తొమ్మిదిమంది పరాయివాళ్ళకు చెప్పాక నీకు చెప్పకుండా ఎట్లా ఉంటాను?

ఆ రోజు నువ్వు బండి నొగ చెక్కుతున్నావు. నేను అవతలి కొస పట్టుకోవాలి. "పట్టుకున్నవా?" అని అడిగావు. "పట్టుకున్న" అన్నాను. పట్టుకోలేదు బావా. నువ్వు బాడిశ వేసినప్పుడల్లా ఆ చెక్క మోగేది, ప్రతి దెబ్బకూ అదే మోత. నాకు అప్పుడు ఫిడేలు పిచ్చి కదా, ఆ మోత వేళ్ళకు ఎట్లా తెలుస్తుందో చూద్దామని చెయ్యి దగ్గరికి జరిపాను, కళ్ళు మూసుకొని. నువ్వు చూడకుండా, నా మాట నమ్మి, దెబ్బ వేశావు. దవాఖానలో నువ్వు గోడకు తల కొట్టుకుంటుంటే చెప్పాలనుకున్నాను. సిగ్గేసింది. రేపు చెప్దామనుకున్నాను. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. నువ్వు నా ముఖం చూడలేక తల దించుకొని తిరుగుతుంటే నేను ఉండలేక బొంబాయి పారిపోయాను. నీ మీద కోపంతో పోయానని ఊళ్ళో అందరూ అనుకున్నారు, అనుకోనిచ్చాను. పోయిన ఉత్తరంలో ఆ మాట అన్నప్పుడు నాకు తెలుసు, అబద్ధమని. తెలిసే రాశాను. నన్ను క్షమించు.

మాస్టరు ఇదంతా విన్నాడు. తర్వాత గిటారు చూపించి "బజావ్" అన్నాడు. గీతలు చూస్తూ వాయించాను, పద్నాలుగో దాని దగ్గర కొంచెం పక్కకు పెట్టి. రెండు పాటలయ్యాక "బైఠో" అని కుర్చీ చూపించాడు. నేను అప్పటికే కూర్చొని ఉన్నాను. అది కూడా నాకు తట్టలేదు, లేచి మళ్ళీ కూర్చున్నాను.

మొగిలి


మూసాపేట,
21-8-1949

చి. మొగిలికి బావ లింగమూర్తి దీవించి రాసేది.

నువ్వు చెప్పినట్టే మొదటి మాట ముందు చదివాను. మీ అక్క చేతిలో పని వదిలేసి పోచమ్మవ్వ ఇంటికి ఉరికింది, అక్కడినుంచి వీరేశం ఇంటికి. తిరిగొచ్చాక రెండోది చదివాను.  విని "ఇద్దరు గాడిదలు" అంది. "మూడేండ్ల సంది ఒకడు ఈడ, ఒకడు ఆడ కూసోని కుళ్ళవట్టిరి. నోట్లె నాలుక లేదా మీకు? ఉత్తరాలల్ల మాత్రం ఇంతింత రాస్తరు!" అని కళ్ళు తుడుచుకుంది. ఆమెకూ కళ్ళజోడు లేదు.

నాకు మొదట కోపం వచ్చింది, దాచను. నాలుగు రోజులు నీకు రాయబుద్ధి కాలేదు. తర్వాత కోపం ఎక్కడ పోయిందో వెతికితే దొరకలేదు. అప్పుడు పంతొమ్మిదేళ్ళవాడివి, సిగ్గుపడ్డావు. చెయ్యి ఎక్కడుందో చూసుకోవాల్సింది నేనే, అది నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అయినా ఛాతీ మీద నుంచి ఏదో దిగినట్టుంది.

నీకు ఎప్పుడూ రాయని సంగతి ఒకటుంది. ఆ రోజు నుంచి నేను బాడిశ ముట్టలేదు. నీ గిటారు కూడా రంపం, ఉలి, చిత్రికతోనే చేశాను, అందుకే అన్ని రోజులు పట్టింది. ఊళ్ళో నడుము నొప్పి అని చెప్పుకున్నాను. నాగలి కావాల్సినవాళ్ళు మియాపూర్ పోతున్నారు. బాడిశ లేని వడ్లవాడు ఉన్నాడంటే నవ్వాలి, మన వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి నవ్వలేదు.

ఈ పొద్దున దాన్ని అటక మీద నుంచి దించి, తుప్పు గీకి, నూరాను. కొట్టంలో ఒక తుమ్మ మొద్దు పడి ఉంటే దాని మీద వేశాను. మీ అక్క వచ్చి గడపలో నిలబడింది. మొదటి దెబ్బ పక్కకు పడింది. రెండోది కొంచెం నయం. నాలుగో దెబ్బకు ఆగి విన్నాను. ఇరవై అయిదేళ్ళు కొట్టాను, నాకెప్పుడూ తెలియలేదు, నువ్వన్నట్టే చెక్క మోగుతుంది మొగిలీ. అది ఏ శ్రుతో నాకు తెలియదు. వచ్చినప్పుడు విని చెప్పు, జర దూరంగా నిలబడి.

మీ బావ,
లింగమూర్తి